అమెరికాలో "చెక్" అంటే ఎన్ని రకాలు? కొత్తగా వచ్చిన తమ్ముడికి జవాబులు

ప్రశ్న – కూకట్‌పల్లి నుంచి డల్లాస్ వచ్చిన ఎమ్మెస్ విద్యార్థి

అందరికీ నమస్కారం. నేనొచ్చి ఇంకా నెల కాలేదు. చదివింది ఇంగ్లిష్ మీడియమే, అయినా ఇక్కడ "చెక్" అన్న ఒక్క మాట దగ్గర రోజూ ఆగిపోతున్నాను. అపార్ట్‌మెంట్ ఆఫీసులో క్యాషియర్స్ చెక్ తెమ్మన్నారు. క్యాంపస్ ఉద్యోగానికి వాయిడెడ్ చెక్ అడిగారు. రెస్టారెంట్‌లో "చెక్?" అన్నారు. లంచ్‌కి పిలిస్తే క్లాస్‌మేట్ "రెయిన్ చెక్" అంది. ఎవరైనా విడమరిచి చెప్పగలరా?

జవాబు – దిల్‌సుఖ్‌నగర్ వాసి, ఇప్పుడు ప్లేనో

తమ్ముడూ, ముందు డబ్బు సంగతి చూద్దాం. మిగతావి తెలియకపోతే నలుగురిలో కాస్త మొహమాటం, అంతే. ఇది తెలియకపోతే జేబుకి చిల్లు.

చెకింగ్ అకౌంట్ అంటే రోజువారీ ఖర్చుల ఖాతా. మనకు హైదరాబాద్‌లో జీతం పడేదీ, డెబిట్ కార్డు ఉండేదీ సాధారణంగా సేవింగ్స్ ఖాతాకే. ఇక్కడ ఆ పనంతా చెకింగ్‌దే. సేవింగ్స్ నిజంగా దాచుకోవడానికే. కొన్ని బ్యాంకులు అందులోంచి నెలకు ఇన్నిసార్లే తీయాలని పరిమితి కూడా పెడతాయి.

వాయిడెడ్ చెక్ అంటే కంగారు పడకు. చెక్కు మీద అడ్డంగా, పెద్ద అక్షరాలతో "వాయిడ్" అని రాసి ఇవ్వడమే. సంతకం వద్దు, మొత్తం వెయ్యొద్దు. వాళ్లకు కావాల్సింది అడుగున ఎడమవైపు ఉండే, ఏ బ్యాంకో చెప్పే 9 అంకెల రౌటింగ్ నంబరు, దాని పక్కన ఉండే నీ ఖాతా నంబరు. జీతం నేరుగా ఖాతాలో వేయడానికి అడుగుతారు. చెక్‌బుక్ లేకపోతే బ్యాంకు యాప్‌లో డైరెక్ట్ డిపాజిట్ ఫారం ఉందేమో చూడు, చాలాచోట్ల అది సరిపోతుంది.

క్యాషియర్స్ చెక్ మన డీడీకి దగ్గరి చుట్టం. బ్యాంకు ముందే నీ దగ్గర డబ్బు తీసుకుని తన పూచీ మీద ఇస్తుంది కాబట్టి అది బౌన్స్ అవుతుందన్న భయం ఇంటివాళ్లకు ఉండదు. బ్యాంకుకు వెళ్లేముందు ఎవరి పేరు మీద కావాలో అపార్ట్‌మెంట్ ఆఫీసులో కాగితం మీద రాయించుకో. అక్షరం తేడా వచ్చినా తిప్పి పంపుతారు.

మామూలు చెక్ రాసేటప్పుడు నెల ముందు, రోజు తర్వాత. 08/09 అంటే ఆగస్టు 9. ఇంకో ముఖ్యమైన తేడా: మన దగ్గర అద్దెకు తర్వాతి తేదీలు వేసిన చెక్కులు ముందే ఇచ్చేస్తుంటాం, ఆ తేదీ వచ్చేదాకా డబ్బు కదలదని ధీమా. ఇక్కడ ఆ ధీమా పెట్టుకోకు. నువ్వు ముందుగా నోటీసు ఇచ్చి ఉంటే తప్ప, బ్యాంకు ఆ తేదీకి ముందే డబ్బు ఇచ్చేయొచ్చు.

జవాబు – మల్కాజ్‌గిరి నుంచి, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

బాబూ, మా అమ్మాయి కూడా అక్కడే ఉంది, అందుకే ఈ గ్రూపులో ఉన్నాను. "చెక్" అన్న మాటకు మూలం పారసీకంలోని "షా", అంటే రాజు. మన కుతుబ్ షాహీల పేరులో ఉన్న షా అదే. చదరంగంలో రాజుకు ప్రమాదమని హెచ్చరించే కేక ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వెళ్లి "చెక్" అయింది. రాజును నిలువరించడం నుంచి ఆపడం, ఆపి చూడటం అన్న అర్థాలు పుట్టాయి. జూబ్లీహిల్స్ చెక్ పోస్ట్‌లో ఉన్నది ఈ అర్థమే. పేపర్లో "ఆక్రమణలకు చెక్" అని హెడ్డింగ్ పెట్టినా ఇదే. చదరంగం బల్ల గళ్ల నుంచి గళ్ల చొక్కాకూ ఆ పేరు వచ్చింది. దొంగ కాగితాలను పట్టుకోవడానికి ఉంచుకునే కౌంటర్‌ఫాయిల్‌ను, అంటే కాగితం చింపి ఇచ్చాక మన దగ్గర మిగిలే ముక్కను, చెక్ అనడంతో బ్యాంకు కాగితానికి ఆ పేరు పడింది. ఇలా చూస్తే బట్టీ పట్టక్కర్లేదు, ఒకదాన్నుంచి ఒకటి వస్తాయి.

చెల్లుబాటు కూడా గుర్తుంచుకో. 2012 ఏప్రిల్ నుంచి మన చెక్కుకు మూడు నెలలే గడువు. అక్కడ మామూలు చెక్కు ఆరు నెలలు దాటితే బ్యాంకు చెల్లించి తీరాలని లేదు, కానీ చెల్లించినా చెల్లించొచ్చు. పాత చెక్కు ఎవరి దగ్గరైనా ఉండిపోతే వదిలెయ్యకు, వెనక్కి అడుగు.

జవాబు – తార్నాక నుంచి వచ్చిన అక్క, ఇప్పుడు ఆస్టిన్

రెస్టారెంట్‌లో చెక్ అంటే మన బిల్లే. "సెపరేట్ చెక్స్?" అని అడిగితే ఎవరిది వాళ్లు కడతారా అని. స్నేహితులతో వెళ్తే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పేయండి, చివర్లో అడిగితే వడ్డించేవాళ్లకు ఇబ్బంది. టేబుల్ దగ్గరికి వచ్చి వడ్డించే చోట 15 నుంచి 20 శాతం టిప్ ఇవ్వడం ఆనవాయితీ. "బిల్" అంటే ఇక్కడ నోటు కూడా, ఇరవై డాలర్ల బిల్ అంటారు. కరెంటు బిల్లు మాత్రం ఇక్కడా బిల్లే.

ఫారాల్లో "చెక్ ద బాక్స్" అంటే మనం టిక్ పెట్టడం. కొన్ని ఫారాలు గడిలో ఇంటూ మార్కు పెట్టమంటాయి. మన బళ్లో ఇంటూ అంటే తప్పు, ఇక్కడ దాని అర్థం "ఇదే నా జవాబు". వద్దనుకున్న గడుల్లో ఇంటూలు పెట్టుకుంటూ పోతే అన్నీ ఒప్పుకున్నట్టు అవుతుంది. సంతకం చేసేముందు ఒకసారి వెనక్కి తిప్పి చూసుకో.

రెయిన్ చెక్ బేస్‌బాల్ నుంచి వచ్చింది. వాన వల్ల ఆట ఆగిపోతే ఇంకో రోజు చూడటానికి పనికొచ్చే టికెట్ ముక్క అది. నీ క్లాస్‌మేట్ అన్నది "ఈసారికి కుదరదు, ఇంకోసారి" అని. కొన్ని రోజులాగి మళ్లీ పిలువు. అప్పుడూ అదే మాటంటే ఇక అడగకు.

మేనేజరు "చెక్ ఇన్ చేద్దాం" అంటే టెన్షన్ పడకు, ఎలా నడుస్తోందో మాట్లాడుకుందాం అని అర్థం. ఎవరైనా "చెక్డ్ అవుట్" అంటే మనిషి ఉన్నాడు గానీ మనసు పనిమీద లేదని. కారు కొన్నాక చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే త్వరలో మెకానిక్‌కి చూపించు. మిణుకుమిణుకుమంటే మాత్రం పక్కకి తీసి ఆపెయ్, అలాగే నడిపితే పెద్ద ఖర్చు.

ప్రశ్న – మళ్లీ అదే విద్యార్థి

అందరికీ చాలా థాంక్స్. ఇంకొక్కటి. నిన్న ఒక మెయిల్ వచ్చింది. ఇంటి నుంచి పని, ముందే చెక్ పంపుతారట. డిపాజిట్ చేసి, నా జీతం ఉంచుకుని, మిగతాది గిఫ్ట్ కార్డులుగా కొని నంబర్లు పంపాలట. చేరొచ్చా?

జవాబు – దిల్‌సుఖ్‌నగర్ వాసి, ఇప్పుడు ప్లేనో

వద్దు తమ్ముడూ, అది పచ్చి మోసం. చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లో డబ్బు ఖాతాలో కనిపిస్తుంది, ఎందుకంటే అంతలోగా వాడుకోనివ్వాలని బ్యాంకులకు నియమం ఉంది. కనిపించినంత మాత్రాన చెక్కు చెల్లినట్టు కాదు. అది దొంగదని తేలడానికి వారాలు పట్టొచ్చు. అప్పుడు బ్యాంకు మొత్తం నీ ఖాతాలోంచే వెనక్కి తీసుకుంటుంది, గిఫ్ట్ కార్డుల డబ్బు మాత్రం తిరిగి రాదు. కొత్తగా వచ్చిన విద్యార్థులనే వీళ్లు ఎక్కువగా వెతుక్కుంటారు.

పైగా నీది ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా. మొదటి విద్యా సంవత్సరంలో క్యాంపస్ బయట ఉద్యోగం చేయకూడదు. ఆ ఉద్యోగం నిజమైనదే అయినా నీ స్టేటస్‌కి ముప్పు.

ఆ మెయిల్‌కి జవాబివ్వకు, ఖాతా నంబరు చెప్పకు. చెక్కు పోస్టులో వచ్చినా బ్యాంకులో వేయకు. మెయిల్‌ని యూనివర్సిటీ ఐటీ వాళ్లకు, ఇంటర్నేషనల్ ఆఫీసుకు ఈ రోజే ఫార్వర్డ్ చెయ్. ఇప్పటికే ఏమైనా వివరాలు ఇచ్చి ఉంటే రాత్రయినా సరే, ముందు బ్యాంకుకి ఫోన్ చెయ్.