అంతర్జాలంలో "అంతర్" అంటే లోపలా, మధ్యనా?

ఒక సందేహం అండి. అంతర్ముఖుడు, అంతర్లీనం, అంతర్వాహిని, వీటన్నిట్లో అంతర్ అంటే లోపల అనే కదా. మరి ప్రపంచమంతా పరుచుకున్న ఇంటర్నెట్‌ని లోపలి వల అనడమేమిటి? ఆఫీసు వరకే ఉండే ఇంట్రానెట్‌కి ఆ మాట బాగా అతికేది.

—

అంతర్‌కి మధ్య అనే అర్థం కూడా ఉందండి. అంతర్జాతీయం, అంతర్రాష్ట్రం చూడండి. జాతుల లోపల అని ఎవరూ అనుకోరు, జాతుల మధ్య అనే అనుకుంటాం. అంతర్జాలం కూడా ఆ వరసలోదే, జాలాల మధ్య జాలం. ఇంగ్లీషులోనూ ఇంటర్నెట్ అనేది ఇంటర్‌నెట్‌వర్క్‌కి కురచ రూపమే.

అసలు ఆ "మధ్య" అన్నదే ఇందులో కీలకం, అందుకే నాకీ మాట ఇష్టం. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్తలు నెట్‌వర్కుల్ని కలపడం గురించి పత్రం రాసేనాటికే వేర్వేరు నెట్‌వర్కులు ఉన్నాయి, కానీ ఒకదాని ప్యాకెట్ (సమాచారాన్ని ముక్కలు చేసి పంపేటప్పుడు ఒక్కో ముక్క) సైజు, అడ్రసు పద్ధతి ఇంకోదానికి సరిపడవు. ఏ నెట్‌వర్కునీ లోపల మార్చనక్కర్లేకుండా, రెండిటి సరిహద్దులో రెండిటి పద్ధతులూ తెలిసిన యంత్రాన్ని పెడదామన్నారు, దాన్ని గేట్‌వే అన్నారు. 1977 నవంబరు 22న అమెరికా రక్షణశాఖ నెట్‌వర్కు ఆర్పానెట్‌నీ, ఒక రేడియో నెట్‌వర్కునీ, ఒక శాటిలైట్ నెట్‌వర్కునీ ఇలాగే కలిపి చూపించారు.

—

బాగుంది. కానీ స్విచ్ కూడా కలిపేదే కదా? గేట్‌వే, రౌటర్ ఒకటేనా?

—

స్విచ్ ఒకే నెట్‌వర్కులోని కంప్యూటర్లని కలుపుతుంది, మ్యాక్ అడ్రసు (యంత్రం నెట్‌వర్కు కార్డుకి ఉండే గుర్తు) చూసి ఏ పోర్టుకి, అంటే తీగ గుచ్చే రంధ్రానికి, పంపాలో ఆ పోర్టుకి పంపుతుంది. అంటే మీరన్న "లోపల" పని దానిది, "మధ్య" పని రౌటర్‌ది.

మీ కంప్యూటర్ వేరే నెట్‌వర్కుకి ఒక ప్యాకెట్ పంపిందనుకోండి. ప్యాకెట్ మీద చివరికి చేరాల్సిన ఐపీ అడ్రసు (నెట్‌వర్కులు దాటి పనికొచ్చే చిరునామా) ఉంటుంది, కానీ పైన చుట్టిన ఫ్రేమ్ (ఒక్క మజిలీ వరకే పనికొచ్చే కవరు లాంటిది) మీద రౌటర్ మ్యాక్ అడ్రసే ఉంటుంది. రౌటర్ ఆ ఫ్రేమ్ విప్పేసి, ఐపీ అడ్రసు చదివి, తన పట్టికలో దారి చూసుకుని, ఇంకెన్ని మజిలీలు వెళ్లొచ్చో చెప్పే టీటీఎల్ అనే అంకెని ఒకటి తగ్గించి, కొత్త ఫ్రేమ్ చుట్టి అవతలికి పంపుతుంది. ఆ అంకె సున్నా అయిందా, ప్యాకెట్‌ని అక్కడే పడేస్తుంది, లేకపోతే దారి తప్పినవి గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. ఇలా ప్రతి మజిలీలోనూ మ్యాక్ అడ్రసు మారిపోతుంది, చేరాల్సిన ఐపీ అడ్రసు మాత్రం (దారిలో ఐపీ అడ్రసు మార్చే నాట్ అనే పద్ధతి సంగతి పక్కన పెడితే) అలాగే ఉంటుంది.

ఇక పేర్ల విషయం. ఇక్కడ గేట్‌వే, రౌటర్ ఒకే యంత్రానికి పాత, కొత్త పేర్లు. 1981 నాటి ఐపీ ప్రమాణంలో ఈ యంత్రాన్ని గేట్‌వే అనే రాశారు. 1987లో దీనికోసం పెట్టిన నిబంధనల పత్రం పేరులోనూ గేట్‌వేలే, 1995లో దాని స్థానంలో వచ్చిన పత్రంలో రౌటర్లయ్యాయి. పాత పేరు మన సెట్టింగుల్లో డిఫాల్ట్ గేట్‌వేగా ఇంకా నిలిచే ఉంది.

—

అయితే ఇంట్రానెట్‌ని ఏమనమంటారు?

—

అంతర్గత జాలం అనండి, తికమక ఉండదు. రౌటర్‌ని మాత్రం నేను రౌటర్ అనే రాస్తాను, మార్గదర్శి అంటే మనిషే గుర్తొస్తాడు.