ఓటు వేసిన నాటికి ఆ ప్రతిపాదనే లేదు: 2015 గ్రీసు ప్రజాభిప్రాయ సేకరణపై మీ అనుభవాలు చెప్పండి

గోదావరి పాఠకుడు:
అందరికీ నమస్కారం. 2015 జూలై 5న గ్రీసు ప్రజలు, రుణదాతలు పెట్టిన షరతులను ఒప్పుకోవాలా వద్దా అన్న ప్రశ్నపై ఓటు వేశారు. 61.31 శాతం మంది వద్దన్నారు. ఎనిమిది రోజులు తిరిగేసరికి, వద్దనమని స్వయంగా ప్రచారం చేసిన ప్రభుత్వమే అంతకంటే కఠినమైన షరతులకు తల ఊపింది. ఇంతవరకు ఎక్కడైనా దొరికే సమాచారమే. నాకు అంతుపట్టనిది వేరే ఉంది. ఓటర్ల ముందు పెట్టిన ప్రతిపాదన జూన్ 25 నాటిది. అది ఏ సహాయ కార్యక్రమానికి చెందినదో ఆ కార్యక్రమం గడువు జూన్ 30తోనే తీరిపోయింది. సంత ముగిసి బళ్ళు వెళ్ళిపోయాక బేరం నచ్చిందా అని అడిగినట్టు లేదూ? ఆ రోజుల్లో అక్కడ ఉన్నవారు, లేదా ఆ వ్యవహారాన్ని దగ్గరగా చూసినవారు, మీ చుట్టూ ఉన్న జనం ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నామనుకుని ఓటు వేశారో వివరించగలరని ఆశిస్తున్నాను.

విశాఖ సముద్రయానం:
నేను మర్చంట్ నేవీలో ఇంజనీరుని. ఆ జూన్ చివరి వారంలో మా ఓడ మరమ్మతుల కోసం ఏథెన్స్ రేవు పిరేయస్ పక్కనున్న పెరామాలో ఆగి ఉంది. ప్రధాని అలెక్సిస్ సిప్రాస్ అర్ధరాత్రి దాటాక టీవీలో ప్రకటన చేశారని 27వ తేదీ ఉదయం యార్డులో విన్నాను. అప్పటికే ఏటీఎంల ముందు వరుసలు వీధి మలుపు దాటాయి. సోమవారం నుంచి బ్యాంకులు మూతపడ్డాయి. రోజుకు 60 యూరోలు తీసుకోవచ్చన్నారు గాని, ఇరవై యూరోల నోట్లు అయిపోవడంతో చాలా యంత్రాలు 50 మాత్రమే ఇచ్చేవి. మెట్రో, బస్సులు ఆ రోజుల్లో ఉచితం. విదేశీ బ్యాంకుల కార్డులకు ఈ పరిమితి వర్తించలేదు. మొదటి రోజు నేను వరుసలో నిలబడి రెండు వందలు తీసుకున్నప్పుడు వెనుక నిలబడిన పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు, కాని ఆ తరువాత నేను రాత్రి పది దాటితే తప్ప ఏటీఎం దగ్గరికి వెళ్ళలేదు.

మీ ప్రశ్న విషయానికి వస్తే, మా ఓడ మీద పనిచేసిన వెల్డరు వద్దని ఓటు వేశాడు. ప్రతిపాదన చదివావా అని అడిగితే, అది చదవలేదని, ఐదేళ్ళుగా తగ్గుతూ వస్తున్న తన జీతం చీటీ మాత్రం చదువుకుంటున్నానని చెప్పాడు. మాకు సరుకులు అందించే వ్యాపారి సరేనని వేశాడు. బయటి దేశాల సరఫరాదారులు అతనికి అరువు ఆపేసి, ముందు డబ్బు పంపితేనే సరుకు ఎక్కిస్తామన్నారు. డబ్బు పంపే దారేమో మూసుకుపోయింది. ఇద్దరూ ఒకే కాగితం మీద ఓటు వేసినా, ఒకరు గడిచిన ఐదేళ్ళ గురించి, మరొకరు రాబోయే ఐదు వారాల గురించి జవాబు చెప్పారని నాకు అనిపించింది.

విశ్రాంత బ్యాంకరు, విజయవాడ:
బ్యాంకులు ఎందుకు మూతపడ్డాయో చెప్పకుండా ఈ చర్చ ముందుకు సాగదు. అంతకు కొన్ని నెలల ముందు నుంచే గ్రీకులు డిపాజిట్లు తీసేసుకుంటున్నారు. వెళ్ళిపోతున్న డిపాజిట్లకు బదులుగా గ్రీసు కేంద్ర బ్యాంకు, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అనుమతితో, తన బ్యాంకులకు అత్యవసర నగదు సహాయం ఇస్తూ వచ్చింది. ఆ అనుమతి పరిమితి దాదాపు 8,900 కోట్ల యూరోలకు చేరింది. ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటించిన వెంటనే, జూన్ 28న, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఆ యూరోపియన్ బ్యాంకు ఆ పరిమితిని పెంచేది లేదన్నది. రద్దు చేయలేదు, తగ్గించనూ లేదు, పెంచలేదంతే. డిపాజిటర్లు వరుస కట్టిన బ్యాంకుకు అది చాలు. మా తరం బ్యాంకు ఉద్యోగులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

మన దేశమూ ఇలాంటి గుమ్మం వరకు వెళ్ళింది. 1991 జూలైలో, పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయిన కొద్ది రోజులకే, దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టవలసి వచ్చింది. అదే నెల 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. అప్పుడు అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) షరతులపై మనల్ని ఎవరూ ఓటు అడగలేదు. మన రాజ్యాంగంలో అటువంటి ఏర్పాటూ లేదు. అయితే మనకు తగ్గించుకోవడానికి సొంత రూపాయి ఉంది. గ్రీసు తన పాత కరెన్సీ డ్రాక్మాను ఎప్పుడో వదులుకుంది. కరెన్సీ విలువ తగ్గించలేని దేశం జీతాలు, పింఛన్లు తగ్గించవలసి వస్తుంది. ఆ వెల్డరు జీతం చీటీలో కనబడింది అదే.

క్రీట్ పరిశోధకురాలు:
నేను ఆ సంవత్సరం హెరాక్లియన్‌లో పరిశోధన చేస్తూ ఒక పెద్దావిడ ఇంటి పై అంతస్తులో అద్దెకు ఉండేదాన్ని. ఆవిడను నేను యయా అని పిలిచేదాన్ని. గ్రీకులో అమ్మమ్మ, నానమ్మ ఇద్దరూ యయానే. ఆవిడకు ఏటీఎం కార్డు లేదు. కార్డు లేని పింఛనుదారుల కోసం జూలై 1 నుంచి మూడు రోజులు దాదాపు వెయ్యి శాఖలు తెరిచి, ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని బట్టి పిలిచి, గరిష్ఠంగా 120 యూరోలు ఇచ్చారు. ఆవిడ వంతు వచ్చేవరకు తోడుగా నిలబడ్డాను. మా ప్రయోగశాల పరిస్థితి వేరే విధంగా చెడింది. జర్మనీ నుంచి రావలసిన రసాయనాలకు డబ్బు పంపాలంటే ఒక కమిటీ అనుమతి కావాలి. ఆ అనుమతి వచ్చేసరికి నా ప్రయోగం ఎండిపోయింది.

ఓటు కాగితం నమూనాను ఆవిడ నాకు చూపించారు. ప్రశ్న ఒకే పొడవాటి వాక్యం. యూరోపియన్ కమిషన్, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు, ఐఎంఎఫ్ జూన్ 25న సమర్పించిన ఒప్పంద ప్రణాళికను అంగీకరించాలా అని అడిగి, అందులో రెండు పత్రాలను పేర్కొన్నారు. కింద రెండు గడులు: పైన ‘ఒహి’, అంటే వద్దు, దాని కింద ‘నే’, అంటే సరే. మనకు ‘నే’ అంటే కాదన్నట్టు వినిపించడం వల్ల నేను ఆ వారమంతా తికమకపడ్డాను. ఒహి అన్న మాటకు అక్కడ బరువెక్కువ. 1940 అక్టోబరు 28న ముస్సోలినీ హెచ్చరికను తిరస్కరించినందుకు ఆ రోజును ఒహి దినంగా ఏటా జరుపుకుంటారు, బడులకు సెలవు కూడా. ఆ మాట ఉన్న గడిలో గుర్తు పెడుతున్నప్పుడు ఎంతమంది జూన్ 25 నాటి పత్రాలను తలుచుకుని ఉంటారో నేను చెప్పలేను. దేశంలోని ప్రతి నియోజకవర్గంలోనూ ఒహి గెలిచింది.

ఆవిడ కొడుకు స్టుట్‌గార్ట్‌లో పనిచేసేవాడు. అప్పట్లో విదేశాల నుంచి ఓటు వేసే వీలు ఉండేది కాదు; ఉన్న వారం రోజుల వ్యవధిలో టిక్కెట్టు కొని రాలేకపోయాడు. సంక్షోభం వల్ల ఊరు వదిలినవాళ్ళకే సంక్షోభంపై ఓటు లేకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగా తోస్తుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ తెలుగువాడు:
అటువైపు మాటలు విన్నాం కాబట్టి ఇటువైపువి కూడా చెబుతాను. అప్పటికి నేను ఇక్కడ ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. గ్రీకులు సోమరులన్న మాటలు పత్రికల్లో రోజూ కనిపించేవి, వాటిని నేను సమర్థించను. అయితే నా పక్కన కూర్చునే స్లోవాక్ సహోద్యోగి మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. తన తల్లి పింఛను గ్రీకు పింఛను కంటే తక్కువని, ఆవిడ కట్టే పన్నుతో ఆ అప్పుకు హామీ ఇస్తున్నప్పుడు ఆవిడను ఎవరు ఓటు అడిగారని అతను అడిగాడు. అప్పట్లో యూరో వాడుతున్న మిగతా 18 దేశాలకూ ఓటర్లు ఉన్నారు. గ్రీసుకు మూడో సహాయ రుణ ప్యాకేజీపై చర్చలు మొదలుపెట్టడానికే జర్మనీ పార్లమెంటు జూలై 17న ఓటింగ్ జరపవలసి వచ్చింది. 439 మంది అనుకూలంగా, 119 మంది వ్యతిరేకంగా వేశారు.

పైగా ప్రశ్న ఏమిటన్న గొడవ 2015లో పుట్టింది కాదు. 2011 అక్టోబరు చివర అప్పటి ప్రధాని జార్జ్ పాపాండ్రూ ఇలాగే ఓటు పెడతానన్నారు. ఫ్రాన్సులోని కేన్స్‌లో జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్, ఫ్రాన్సు అధ్యక్షుడు సర్కోజీ ఆయన్ని పిలిచి, అడిగితే యూరోలో ఉంటారా లేదా అనే అడగాలని పట్టుబట్టారు. ఆయన ఆ ఓటును విరమించుకుని, కొద్ది రోజుల్లో పదవి నుంచీ తప్పుకున్నారు. 2015లో కూడా యూరప్ నాయకులు, వద్దంటే యూరోకే వద్దన్నట్టని చెప్పారు. సిప్రాస్ మాత్రం, అలా కాదు, ఇది బేరంలో బలం కోసమేనన్నారు. ఓటర్లలో అత్యధికులకు యూరో కావాలి, ఆ షరతులు వద్దు. ఆ రెండూ కలిపి రాసిన గడి కాగితం మీద లేదు.

నికోసియా పాత విద్యార్థి:
గ్రీకులు డిపాజిట్లు ఎందుకు తీసుకున్నారన్నదానికి ఒక చిన్న మాట. 2013 మార్చిలో నేను సైప్రస్‌లో చదువుతున్నాను. లక్ష యూరోల లోపు డిపాజిట్లపై 6.75 శాతం, ఆపైన 9.9 శాతం కోత వేస్తామని ఒక శనివారం ఉదయం ప్రకటించారు. పార్లమెంటు దాన్ని తిరస్కరించింది, అనుకూలంగా ఒక్క ఓటూ పడలేదు. బ్యాంకులు పన్నెండు రోజులు మూసి ఉన్నాయి. చివరికి లక్ష లోపు వారిని వదిలి, అతి పెద్ద బ్యాంకులో ఆపైన ఉన్న సొమ్ములో దాదాపు సగాన్ని వాటాలుగా మార్చేశారు. ఫీజు కోసం ఇంటి నుంచి వచ్చిన నా డబ్బు చిన్నది కాబట్టి బయటపడ్డాను. అదే భాష మాట్లాడే పొరుగు దేశంలో ఇది చూసిన ఏథెన్స్ మనిషి బ్యాంకులో డబ్బు ఉంచుతాడా?

గోదావరి పాఠకుడు:
చాలా విషయాలు తెలిశాయి, అందరికీ కృతజ్ఞతలు. మరొక్క సందేహం. జూలై 13 ఒప్పందం తరువాత వద్దన్నవారు మోసపోయామనుకున్నారా? అలా అయితే సెప్టెంబరు 20 ఎన్నికల్లో అదే సిప్రాస్‌ను మళ్ళీ ఎలా గెలిపించారు?

విశ్రాంత బ్యాంకరు, విజయవాడ:
లెక్క వైపు నుంచి ఒక మాట. ఓటుకు మూడు రోజుల ముందు ఐఎంఎఫ్ ప్రచురించిన విశ్లేషణలో, గ్రీసుకు మూడేళ్ళలో 5,000 కోట్ల యూరోలకు పైగా కావాలని, అప్పు భారం తగ్గించక తప్పదని ఉంది. అంటే అప్పు మోయలేనిదని వద్దన్నవారు చెప్పిన మాటనే అప్పిచ్చిన సంస్థ కూడా రాసింది. ఆ తరువాత వచ్చిన 8,600 కోట్ల మూడో ప్యాకేజీలో అప్పు అసలును మాత్రం తగ్గించలేదు. చెల్లింపు గడువులను 2018లో ఇంకా పొడిగించారు.

క్రీట్ పరిశోధకురాలు:
మా ప్రయోగశాలలో కొందరు కోపంతో సెప్టెంబరులో ఓటే వేయలేదు. యయా మాత్రం అంత కోపగించుకోలేదు. పదిహేడు గంటలు కూర్చోబెట్టి సంతకం చేయించుకున్నారు, కుర్రవాడు ఏం చేస్తాడు, కనీసం ఒకసారి మమ్మల్ని అడిగాడు అని ఆవిడ అనేవారు. నేను ఆ మాటతో ఏకీభవించలేదు. అడిగి పక్కన పెట్టడం కంటే అడగకపోవడమే మేలని ఆవిడతో వాదించాను కూడా. జూలై 20న బ్యాంకులు తెరిచారు, అదే రోజు హోటల్ భోజనంపై వ్యాట్ 13 నుంచి 23 శాతానికి పెరిగింది. నగదు పరిమితి వారానికి 420 అయింది. ఆవిడ ఆ వేసవిలోనే మొదటిసారి కార్డు తీసుకుని, దాని రహస్య సంఖ్యను వంటింటి క్యాలెండరు వెనుక రాసుకున్నారు. 2019 సెప్టెంబరు 1న ఆంక్షలన్నీ ఎత్తివేశారని చదివి హైదరాబాదు నుంచి ఫోన్ చేస్తే, తెలుసునని, అయినా తాను ఎప్పుడు వెళ్ళినా అరవయ్యే తీసుకుంటున్నానని చెప్పారు.