లాగిన్‌కీ, అప్రూవల్‌కీ పేటెంటా?

కాగితంపడవ: ఆఫీసుల్లో ఫిర్యాదులు, అనుమతులు నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వీస్‌నౌ మీద పోటీ కంపెనీలు హెచ్‌పీ, బీఎంసీ వేసిన పేటెంట్ కేసులు 2016లో రాజీ అయ్యాయి. రెండిటికీ కలిపి ఖర్చు 27 కోట్ల డాలర్లు! టికెట్ (ఫిర్యాదు నమోదు) తెరువు, పైవాడికి పంపు, మూసెయ్. తాలూకాఫీసులో ఫైలు టేబుల్ మారడం కూడా ఇదే కదా?

గోదారిగట్టు: రాజీ అంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదు సార్. హెచ్‌పీ పేటెంట్లు కొన్ని చెల్లవని 2015లో కాలిఫోర్నియా కోర్టే తేల్చింది. వట్టి ఆలోచనను కంప్యూటర్‌లో నడిపితే పేటెంట్ రాదని 2014లో ఆలిస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. చెత్తను ఏరేస్తున్నారుగా.

కాగితంపడవ: ఏరేస్తుంటే 27 కోట్లు ఎందుకు కట్టారు?

చిన్నోడు_ఈసీఐఎల్: మన దగ్గర పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(కె) ఉందన్నా. ప్రోగ్రామ్‌కి పేటెంట్ లేదు.

గోదారిగట్టు: ప్రోగ్రామ్ ‘పర్ సె’కి, అంటే వట్టి ప్రోగ్రామ్‌కి లేదు తమ్ముడూ. ఆ రెండు ముక్కల మీదే లాయర్లు బతుకుతున్నారు. 2019లో ఫెరిద్ అల్లాని కేసులో ఢిల్లీ హైకోర్టు ఏమందో చూడు: సాంకేతిక ప్రయోజనం ఉంటే, ప్రోగ్రామ్ అన్న ఒక్క కారణంతో పేటెంట్ కాదనకూడదంది.

లాగిన్ సంగతికొస్తే, 2021లో అమెరికాలో ఒకే అప్పీలు కోర్టు రెండు రకాలుగా తేల్చింది. యాపిల్ మీద యూఎస్ఆర్ అనే కంపెనీ వేసిన కేసులో తెలిసిన పద్ధతుల్నే కలిపారంటూ పేటెంట్లు కొట్టేసింది. రెండు నెలలు తిరక్కుండా లాగిన్ భద్రత సాఫ్ట్‌వేర్ అమ్మే డువో మీద కాస్మోకీ అనే కంపెనీ వేసిన కేసులో పేటెంట్‌ని నిలబెట్టింది. అందులో ఫోన్‌లోని ఆథెంటికేషన్ (మనిషి అతనేనా అని సరిచూసే ఏర్పాటు) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. లాగిన్ అయ్యేటప్పుడు మనిషే దాన్ని ఆన్ చేయాలి, అదీ నిర్ణీత సమయంలోపు. పని కాగానే దానంతటదే ఆగిపోతుంది. ఇది తాలూకాఫీసు ఫైలా?

కాగితంపడవ: మీరు 27 కోట్ల దగ్గర జవాబు ఎగ్గొట్టారు.

మామిడితాండ్ర: పాప్‌కార్న్ రెడీ.

కాగితంపడవ: సరే, నా గోడు వినండి. మేం ఆరుగురం. ఉద్యోగి చేరితే అకౌంట్లు తెరవడం, మానేస్తే మూసేయడం, అంతే మా సాఫ్ట్‌వేర్. మా పేటెంట్ వాడారు, డబ్బు కట్టండంటూ పేరు కూడా వినని కంపెనీ నుంచి లెటరొచ్చింది. అమెరికా లాయర్ చెప్పిన ఫీజు మా ఏడాది జీతాల కంటే ఎక్కువ. క్లయింట్ భయపడి వెళ్లిపోయాడు. మీలాంటి వాళ్ల వల్లే!

గోదారిగట్టు: మీలాంటి వాళ్లంటే? రెండేళ్లు రాత్రింబవళ్లు కూర్చుని రాసినవాణ్ణండీ నేను. పేటెంట్‌లో నా పేరు నాలుగోది. దొంగని కాదు.

కాగితంపడవ: ఆ పేటెంట్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

గోదారిగట్టు: కంపెనీ మూతపడ్డాక అమ్మేశారు. కొన్నదెవరో నాకు తెలీదు.

కాగితంపడవ: నాకు లెటర్ పంపినవాడూ మూతపడ్డ కంపెనీ పేటెంట్ కొన్నవాడే. మీరే అడిగుంటే కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. ఒక్క లైను రాయనివాడికి ఎందుకు కట్టాలి?

గోదారిగట్టు: పొలం దున్నినవాడే అమ్ముకోవాలా? అమ్ముకోలేనిది ఆస్తి ఎలా అవుతుంది?

కాగితంపడవ: పొలమైతే గట్టు కనిపిస్తుంది. దీని గట్టు లెటర్ వచ్చాకే కనిపిస్తుంది.

చిన్నోడు_ఈసీఐఎల్: అన్నా, ఆ 27 కోట్లు డాలర్లా, రూపాయలా?