ఆటోక్రాస్ ప్రోమో: రెండర్‌లో చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి, దుమ్ము ఆలస్యంగా లేస్తోంది

పెద్దచెరువు_గట్టు:
విజయనగరం పక్కన మట్టి ట్రాక్ మీద పెట్టబోయే ఆటోక్రాస్ కార్ల పందేనికి 45 సెకన్ల యానిమేషన్ ప్రోమో, అన్‌రియల్ 5 (గేములు, యానిమేషన్ చేసే సాఫ్ట్‌వేర్)లో చేస్తున్నాం. సెకనుకి 25 ఫ్రేములు, మొత్తం 1125. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ. అన్‌రియల్‌లోని కేయాస్ వెహికిల్‌ని (నిజం కారులా కదిలే బొమ్మ కారు) గేమ్‌ప్యాడ్‌తో నడిపి, ఆ కదలికని టేక్ రికార్డర్‌లో పట్టాం. నడిపేటప్పుడు అంతా బాగుంది. ఫ్రేములుగా బయటికి తీసే మూవీ రెండర్ క్యూలో వేసేసరికి చక్రాలు మెల్లగా వెనక్కి తిరుగుతున్నాయి. ప్రతి షాట్‌లో మొదటి సెకనున్నర దుమ్మే లేదు. లేచాక చూస్తే సిమెంటు పొగలా బూడిద రంగు. ఎక్కడ తప్పుతున్నట్టు?

నాగావళి_త్రీడీ:
ముందు చక్రం లెక్క చూడు తమ్ముడూ. టైరు వ్యాసం 62 సెంటీమీటర్లనుకో, చుట్టుకొలత 1.95 మీటర్లు. గంటకి 100 కిలోమీటర్ల మీద సెకనుకి 14.3 చుట్లు, అంటే 25 ఫ్రేముల దగ్గర ఫ్రేముకి 205 డిగ్రీలు. రిమ్ముకి అయిదు పుల్లలు (స్పోకులు) ఉంటే ప్రతి 72 డిగ్రీలకీ బొమ్మ ఒకేలా కనిపిస్తుంది. మూడు డెబ్భైరెండులు 216. నీ చక్రం 205 దగ్గరే ఆగింది కాబట్టి కంటికి 11 డిగ్రీలు వెనక్కి పోయినట్టుంటుంది. నడిపేటప్పుడు తెర 60 ఫ్రేముల మీద ఆడితే ఫ్రేముకి 86 డిగ్రీలే, 14 ముందుకి. అందుకే అప్పుడు బాగుంది.

రెండర్ క్యూలోని యాంటీ అలియాసింగ్ (గరుకు అంచులు నునుపు చేసే) సెట్టింగ్‌లో స్పేషియల్ శాంపిళ్ళు 1, టెంపోరల్ శాంపిళ్ళు (ఒక్కో ఫ్రేము కాలాన్ని ముక్కలుగా తీసి కలిపేవి) 32 పెట్టి, ఓవర్‌రైడ్ టిక్ చేసి 'నన్' ఎంచుకో. మోషన్ బ్లర్ (కదలిక మసక) 0.5 ఉంటే షట్టర్ తెరిచున్న ఆ సగం ఫ్రేములో పుల్ల 103 డిగ్రీలు తిరుగుతుంది. అది 72 కంటే ఎక్కువ, కాబట్టి పుల్లలన్నీ కలిసి పళ్ళెంలా మసకబారతాయి. మామూలు బ్లర్ ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదు. అది తిన్నని గీతలోనే సాగదీస్తుంది, వంపు తెలీదు.

ఇంకో ఉచ్చు ఉంది, చాలామంది ఇందులోనే పడతారు. టేక్ 25కే రికార్డయితే రెండు కీల (రికార్డయిన భంగిమల) మధ్య 205 డిగ్రీలు. అన్‌రియల్ దగ్గరదారి చూసుకుని 155 డిగ్రీలు వెనక్కి తిప్పేస్తుంది. అప్పుడు ఎన్ని శాంపిళ్ళు పెంచినా ఆ వెనక్కి తిరగడమే ఇంకా శుభ్రంగా కనిపిస్తుంది. 60కి తగ్గకుండా మళ్ళీ రికార్డు చెయ్యి. లేదా చక్రం కీలు తీసేసి, కారు వెళ్ళిన దూరాన్ని చుట్టుకొలతతో భాగించి 360తో గుణించి కంట్రోల్ రిగ్‌లో (భాగాల్ని లెక్కతో కదిలించే పనిముట్టు) తిప్పు. బ్రేకేసి జారే షాట్‌కి మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ రికార్డయిందే ఉంచు.

ఉద్దానం_జీడితోట:
దుమ్ము సంగతి. ఇంజిన్ వార్మప్ కౌంట్ (షాట్‌కి ముందు రాయకుండా నడిపే ఫ్రేములు) పెంచితే చాలనుకుంటారు గాని, కారు కదలకుండా నిలబడే ఉంటుంది, వెనకాల దుమ్ము బారు రాదు. కెమెరా కట్ ట్రాక్‌ని (ఏ కెమెరా ఎప్పుడో చెప్పే పట్టీ) ప్లేబ్యాక్ మొదలుకి ఓ 50 ఫ్రేములు వెనక్కి లాగి, 'యూజ్ కెమెరా కట్ ఫర్ వార్మప్' టిక్ చెయ్యండి. కారు యానిమేషన్ కూడా అంత వెనక నుంచే ఉండాలి సుమా.

రంగుకి ట్రాక్ మట్టిని ఎండలో ఫొటో తీసి, పక్కన గ్రే కార్డు (రంగు సరిచూసే బూడిద అట్ట) పెట్టి, అందులోంచి తీసుకోండి. మనది ఎర్రమట్టి నేల. ఎగిరిన దుమ్ము నేలకంటే లేతగా, కాస్త పసుపు తిరిగి ఉంటుంది. నేల రంగే దుమ్ముకీ పెడితే కారం చల్లినట్టుంటుంది. నేలకి తగిలినచోట గీత కోసినట్టు కనబడితే దుమ్ము మెటీరియల్‌లో డెప్త్ ఫేడ్ (అంచు కరిగించే అమరిక) 50 దగ్గర మొదలెట్టి పెంచుకోండి.

దుమ్ము అందం ఎదురెండలోనే. సూర్యుణ్ణి 10 డిగ్రీల ఎత్తులో కారు వెనక పెట్టండి. ఒక్క మాట: సముద్రం మీద సూర్యాస్తమయం పెట్టకండి, చింతపల్లి బీచ్ చూసినవాడెవడైనా నవ్వుతాడు. మనకి సముద్రం తూర్పున. నీళ్ళ మీద ఎండ కావాలంటే అది తెల్లారగట్ల షాటే.

పెద్దచెరువు_గట్టు:
టేక్ 25కే ఉందండి, అదే దెబ్బ. 60కి మళ్ళీ పట్టాం, చక్రం కుదిరింది. ఇప్పుడు ఫ్రేముకి 20 సెకన్లు పడుతోంది. మధ్యలో కరెంటు పోతే?

నాగావళి_త్రీడీ:
1125 ఫ్రేములకి ఆరుంపావు గంటలు, రాత్రి పెట్టి పడుకోవచ్చు. వీడియో ఫైలుగా మాత్రం తియ్యొద్దు, కరెంటు పోతే మొత్తం పోతుంది. 16 బిట్ ఈఎక్స్‌ఆర్ (రంగు మెట్లు ఎక్కువుండే బొమ్మ ఫైలు) ఫ్రేములుగా తియ్యి, ఒక్కోటి విడి ఫైలు. 1080లో కుదించకపోయినా ఒక్కోటి 17 ఎంబీ లోపే, అంతా కలిపి 19 జీబీ. పీఎన్‌జీలో ఎనిమిది బిట్లే రాస్తుంది, తెల్లవారు ఆకాశంలో చారలు పడతాయి. ఆగినచోటి నుంచి కస్టమ్ ప్లేబ్యాక్ రేంజ్‌తో మళ్ళీ మొదలెట్టొచ్చు గాని, ఆ షాట్ మొదటి ఫ్రేము నుంచే తియ్యి. మధ్యలో అతికిస్తే దుమ్ము ఆకారం మారి అతుకు కనిపిస్తుంది.

ఉద్దానం_జీడితోట:
కారు మోడల్ మీద కంపెనీ లోగో ఉంటే తీసెయ్యండి, లేదా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మోడల్ కొన్నంత మాత్రాన లోగో హక్కు రాదు. అన్‌రియల్‌కి ప్రోమో మీద రాయల్టీ ఏం లేదు. ఏడాది రాబడి 10 లక్షల డాలర్లు దాటిన సంస్థలకే 2024 నుంచి సీటుకింత (వాడే మనిషికింత) అని రుసుము.