వెళ్ళలేకపోయిన కచేరీ: లైవ్ ఆల్బమ్ వింటే బాధ తగ్గుతుందా, పెరుగుతుందా?

టవర్‌క్లాక్_కాడ (అనంతపురం):

2023 జనవరిలో, మన సంగీతానికి గిటార్ కలిపి వాయించే 'శక్తి' బృందం యాభై ఏళ్ళ టూర్ చేస్తూ బెంగళూరు వచ్చింది. తబలా జాకిర్ హుస్సేన్, గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్, పాటకు శంకర్ మహదేవన్, వయొలిన్ గణేశ్ రాజగోపాలన్, కంజీర సెల్వగణేశ్, ఘటం విక్కు వినాయక్‌రామ్ గారి అబ్బాయి. మా ఊళ్ళో బస్సెక్కితే నాలుగైదు గంటల్లో దిగుతాం. టికెట్ తాను తీస్తానని ఫ్రెండు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆఫీసులో లెక్కల టెన్షన్. "మళ్ళీ వస్తార్లేప్పా" అన్నాను. 2024 డిసెంబర్ 15న జాకిర్ హుస్సేన్ పోయారు. 73 ఏళ్ళు.

ఇప్పుడు రాత్రిళ్ళు వాళ్ళ మొదటి ఆల్బమ్ వింటున్నా. అదీ లైవే. 1975 జులై 5న న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో, సౌతాంప్టన్ కాలేజీలో వాయించింది. అంతకుముందు ఎలక్ట్రిక్ గిటార్‌తో హోరెత్తించిన మెక్‌లాఫ్లిన్ చేతిలో మామూలు చెక్క గిటార్. దానికి అడ్డంగా ఇంకో ఏడు తీగలు, మన తంబూరా లాగా మోగడానికి. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ తబలా, వినాయక్‌రామ్ ఘటం, ఆర్. రాఘవన్ మృదంగం. మొత్తం మూడే మూడు ట్రాకులు, అందులో చివరిది దాదాపు 29 నిమిషాలు, ఎల్‌పీ రికార్డు ప్లేటుకి ఒక పక్కంతా అదే. వింటున్నంతసేపూ బాగానే ఉంటుంది. చప్పట్లు మొదలవగానే హెడ్‌ఫోన్స్ తీసేస్తా. ఆ చప్పట్లలో నేను లేనని గుర్తొస్తుంది. నన్నడిగితే వెళ్ళనివాడు స్టూడియో ఆల్బమే వినాలి. లైవ్ ఆల్బమ్ పుండు మీద కారం. మీరేమంటారు?

బురుజు_నీడ (కర్నూలు):

ఒప్పుకోను. 1975లో మా నాయన హైస్కూల్లో ఉన్నాడు. సౌతాంప్టన్ పోలేదని ఆయన కూడా బాధపడాలా? మన ఊళ్ళకు వచ్చిన కచేరీలు ఎన్ని, మనం వినగలిగినవి ఎన్ని? నాకు సంగీతం మొత్తం క్యాసెట్టులోనే వచ్చింది, అదీ తీగ బయటికొస్తే పెన్సిల్ పెట్టి చుట్టుకున్న క్యాసెట్టు. మాండొలిన్ శ్రీనివాస్‌ను నేను ఎదురుగా చూడలేదు. 2014లో పోయాడు, 45 ఏళ్ళకే. పాలకొల్లు పిల్లోడు ఇదే శక్తి వాళ్ళతో కూర్చుని వాయించిన లైవ్ రికార్డులు లేకపోతే నాకు ఏం మిగిలేది? మా లాంటి వాళ్ళ కోసమే కదన్నా లైవ్ ఆల్బమ్.

ఇంకో మాట. చెక్క గిటార్ అని మరీ మురిసిపోవద్దు. శ్రీనివాస్‌ది ఎలక్ట్రిక్ మాండొలినే. అయినా అది కర్ణాటక సంగీతం కాదని ఈ రోజు ఎవరన్నా అంటారా?

టవర్‌క్లాక్_కాడ:

మీ నాయన సంగతి వేరు, నా సంగతి వేరు. ఆయనకు ఎవరూ టికెట్ తీస్తానని ఫోన్ చేయలేదు. పోలేని దానికి బాధ ఎందుకుంటుంది? పోగలిగి పోనిదానికే నా ఏడుపు.

దేవునికడప_అక్క:

నేను ఆ బెంగళూరు కచేరీకి వెళ్ళాను తమ్ముడూ. ఏం గుర్తుందో చెప్పనా? నా ముందు కూర్చున్నతను సగంసేపు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. నేను జాకిర్ హుస్సేన్‌ను అతని ఫోన్‌లో చూశాను, అరంగుళం సైజులో. తిరుగు బస్సు దొరుకుతుందా లేదా అని చివరి అరగంట అదే ధ్యాస. ఒకచోట మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. తబలా, కంజీర ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ ఉన్నట్టుండి రెండూ ఆగాయి. జనమంతా ఊపిరి బిగబట్టారు. పక్కావిడ ఎవరో, నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ పేరు కూడా తెలియదు.

తర్వాత ఆ టూర్ లైవ్ ఆల్బమ్ వచ్చింది. విన్నాను. ప్రతి దెబ్బా విడివిడిగా, అద్దంలో చూసినట్టుంది. నా సీట్లో అంత బాగా వినిపించలేదు, నిజం చెప్తున్నా. కానీ ఆ చెయ్యి అందులో లేదు. కాబట్టి నువ్వు పోగొట్టుకున్నది వేరు, ఆల్బమ్‌లో ఉన్నది వేరు. ఒకటి చూసి ఇంకోదాని కోసం ఏడవకు.

మైక్‌సెట్_బాషా (కడప):

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నా పని మైక్ సెట్టు, పెళ్ళిళ్ళు, జాతరలు, కవ్వాలీలు. ఆ ఆల్బమ్‌లో వినిపించే శబ్దం ఏ సీట్లోనూ వినపడదు. ఎందుకంటే మైకులు సీట్ల దగ్గర ఉండవు, వాయిద్యాల దగ్గరుంటాయి. ఘటం చూడండి. వాయించేవాడు కుండ మూతిని పొట్టకు ఆనించి, కొంచెం ఎడంగా తీసి, మళ్ళీ ఆనిస్తాడు. ఆ లోపలి గాలి 'గుమ్'మంటుంది. పదో వరుసలో వాడికి ఆ గుమ్ము చేరేసరికి మృదంగం మింగేస్తుంది. జానెడు దూరంలో పెట్టిన మైకు వదలదు. దాన్ని ఎంత పెంచాలో తర్వాత మిక్సింగ్ చేసేవాడి ఇష్టం.

ఇక చప్పట్లు. పెద్ద దర్గా ఉరుసు వేళల్లో నాకు కవ్వాలీ పని ఎక్కువ. సినిమా సంగీతం ఏ.ఆర్. రహమాన్ వస్తాడంటే చెప్పాల్సిన పనే లేదు, జనమే జనం. మొదట్లో ఒక పార్టీకి మిక్సర్ నుంచి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చా. మరుసటి రోజే ఫోన్. "ఏం భాయ్, ఊరంతా వాహ్ వాహ్ అంటే ఒక్క గొంతూ లేదే, స్మశానంలో పాడినట్టుంది" అన్నారు. మిక్సర్‌లోకి స్టేజీ మైకులే వస్తాయి కదా, జనం ఎట్లా వస్తారు? అప్పటి నుంచి రెండు మైకులు జనం వైపు తిప్పి పెడుతున్నా. ఏ మెట్టులో జనాన్ని పెంచాలో, ఎక్కడ తుంచాలో నా వేలు చెప్తుంది. అనంతపురం అన్నా, నువ్వు ఏడుస్తున్న చప్పట్లు కూడా నాలాంటి వాడెవడో ఒక మీటను కొంచెం పైకి తోస్తే వచ్చినవే.

బురుజు_నీడ:

భాయ్ మొత్తం పరువు తీసేశాడు. అయితే 'అకౌస్టిక్', అంటే కరెంటు లేని వాయిద్యం, అన్న మాట కూడా అబద్ధమేనా?

మైక్‌సెట్_బాషా:

అబద్ధం అనను, మొహమాటం అంటా. అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణా వాళ్ళ అన్‌ప్లగ్డ్ ఆల్బమ్ ఉందే, 1993 నవంబర్‌లో న్యూయార్క్ స్టూడియోలో చేసింది. పేరు అన్‌ప్లగ్డ్, అంటే ప్లగ్గు పీకేసిందని. వాళ్ళ గాయకుడు కర్ట్ కొబేన్ గిటార్ మాత్రం ఆంప్లిఫయర్‌కి తగిలించే ఉంది. అతను 1994 ఏప్రిల్‌లో పోయాడు, ఆల్బమ్ నవంబర్‌లో వచ్చింది. విన్నవాళ్ళలో చాలామందికి అది పోయిన మనిషి గొంతే. పైగా అది టీవీ కోసం స్టూడియోలో చేసిన షూటింగ్. దానికి మనం ఎట్లా వెళ్ళేవాళ్ళం చెప్పు?

టవర్‌క్లాక్_కాడ:

మీటలు, మైకులు అన్నీ ఒప్పుకుంటా. మీట ఎవడు తోసినా చప్పట్లు కొట్టిన చేతులు నిజమే కదా భాయ్. వాటిని నువ్వు పుట్టించలేదు.

అక్క మాట మాత్రం తగిలింది. నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ తీయకుండా చివరిదాకా ఉన్నా. చప్పట్ల వెనక ఎవడో ఈల వేశాడు, యాభై ఏళ్ళ కిందటి ఈల. బతికి ఉంటే ముసలోడై ఉంటాడు. బాధ తగ్గిందని చెప్పను. ఆ ఈల కోసం మళ్ళీ రెండుసార్లు వెనక్కి తిప్పా.

మైక్‌సెట్_బాషా:

ఇన్ని మాటలెందుకన్నా. ఈసారి ఉరుసుకు కడప రా. నా మిక్సర్ పక్కన కుర్చీ వేస్తా. రికార్డింగ్ పంపించను, ముందే చెప్తున్నా. అక్కా, నువ్వూ రా, ఊళ్ళోనే కదా.

దేవునికడప_అక్క:

నేను వస్తా. తమ్ముడూ?

టవర్‌క్లాక్_కాడ:

వస్తా భాయ్, ఆఫీసులో లెక్కలు లేకపోతే.

బురుజు_నీడ:

మళ్ళీ మొదలుపెట్టాడ్రా సామీ!