మిద్దె మీద ఆరుగురు కూర్చునే హాట్ టబ్: 8 లక్షలు పెట్టొచ్చా, వద్దా?

అలిపిరి_గాలి:
తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు ఇల్లు కడుతున్నాం, జీ ప్లస్ వన్, పై స్లాబ్ కూడా వేసేశాం. మిద్దె మీద ఆరుగురు కూర్చునే హాట్ టబ్, అంటే జెట్లు కొట్టే వేడినీళ్ల తొట్టి, పెట్టాలని ఆలోచన. చెన్నై డీలరు కొటేషన్ ఇచ్చాడు. టబ్, మూత, మెట్లు కలిపి 7 లక్షల 90 వేలు. రవాణా వేరే, పైకెత్తే క్రేను మనమే చూసుకోవాలి. 2.2 మీటర్ల చదరం, 1600 లీటర్లు పడుతుంది, ఖాళీ బరువు 380 కిలోలు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, పైగా అన్న అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా ఇదే పాట. మామ మాత్రం "మే నెలలో సింటెక్స్ ట్యాంకు నీళ్లే చేయి పెట్టనివ్వవు, ఇంకా కాచేదేందిరా" అంటున్నాడు. కొన్నాక ఏటా ఎంతవుతుందని డీలర్ని అడిగితే "మెయింటెనెన్స్ నామినల్ సార్" అనడమే తప్ప ఒక్క అంకె చెప్పడు. తెలిసినవాళ్లు చెప్పండి.

స్వర్ణముఖి_సివిల్:
ఖర్చు సంగతి తర్వాత, ముందు బరువు చూడండి సార్. నీళ్లు 1600, టబ్ 380, ఆరుగురు మనుషులు 420, మొత్తం 2400 కిలోలు. 4.84 చదరపు మీటర్ల మీద అంటే చదరపు మీటరుకు 500 కిలోలకు కొంచెం తక్కువ. మనుషులు తిరిగే మిద్దెకు ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం తీసుకునే లైవ్ లోడ్ (స్లాబ్ సొంత బరువు కాక పైన మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకు 150 కిలోలు, గదుల్లో అయితే 200. స్లాబ్ పడకముందు అడిగి ఉంటే అక్కడ రెండు బీములు, ఎక్కువ స్టీలు వేసేవాళ్లం, పెద్ద ఖర్చు కాదు. ఇప్పుడైతే కాలమ్ నుంచి కాలమ్‌కు ఐ సెక్షన్ ఇనుప బీములు వేసి, స్లాబ్‌ను తాకకుండా దాని మీద టబ్ కూర్చోబెట్టాలి. ఇనుము, వెల్డింగ్, వాటర్‌ప్రూఫింగ్ కలిపి లక్షకు తక్కువ చెప్పలేను. "మా మేస్త్రి ఏం కాదన్నాడు" అని మాత్రం రాయకండి.

డల్లాస్_పలమనేరు:
తమ్ముడూ, మా ఇంట్లో ఇదే సైజుది ఉంది. ఇక్కడ ఈ సైజు టబ్ 10 వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది, పెద్ద కంపెనీలవి 15 వేలు దాటతాయి. కింద కాంక్రీటు బెడ్డు, 240 వోల్టుల ప్రత్యేక లైను, ఇవి అదనం. కరెంటు అని అందరూ భయపడతారు కానీ మూత మంచిదైతే అది పెద్ద బాధ కాదు. అసలు చిరాకు నీళ్లను చూసుకోవడం. వారానికి రెండుసార్లు పరీక్ష స్ట్రిప్ ముంచి పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉందా, క్లోరిన్ సరిపోయిందా అని చూడాలి, వేడినీళ్లలో క్లోరిన్ తొందరగా ఎగిరిపోతుంది. ఒక వారం పట్టించుకోకపోతే మూత తీయగానే వాసన తెలిసిపోతుంది. మూడు నాలుగు నెలలకోసారి మొత్తం ఖాళీ చేసి కడగాలి. మూత లోపలి ఫోము నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, నాలుగైదేళ్లకు మార్చాల్సిందే, అదొక 500 డాలర్లు. ఇంతా చెప్పి, చలికాలం రాత్రి అందులో కూర్చుంటే ఇవేవీ గుర్తుండవు అని కూడా చెప్పాలి కదా.

కట్టమంచి_మోటర్లు:
చిత్తూరులో పంపులు, గీజర్లు బాగుచేసే పని నాది. మన వైపు బోరు నీళ్లతో పనిచేసే గీజర్ రెండేళ్లకు విప్పితే కాయిల్ కనపడదు, సుద్దముక్కకు వైర్లు తగిలించినట్టు బయటికొస్తుంది. స్క్రూడ్రైవర్‌తో తడితే పెంకులు పెంకులుగా రాలుతుంది. హాట్ టబ్‌లో ఆ కాయిల్‌తో పాటు సన్న జెట్లు, పంపు సీళ్లు, కంట్రోల్ బోర్డు కూడా ఉంటాయి, బోర్డు పోతే ఇక్కడ దొరికేది కాదు. బోరు నీళ్లయితే ఆ సున్నాన్ని తీసేసే సాఫ్ట్‌నర్ తప్పదు, అదొక 30 వేల పైమాటే.

ఇక కరెంటు. 3 కిలోవాట్ల హీటరు, 3 హెచ్‌పీ పంపులు రెండు, బ్లోయరు, అన్నీ ఒకేసారి తిరిగితే 8 కిలోవాట్లు. త్రీ ఫేజ్ తీసుకోండి, కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్‌లో లోడ్ పెంచుకోండి, కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్ వేయొద్దు.

కోన_వీధి_లెక్కలు:
అంత కరెంటు ఎలా భరిస్తారబ్బా?

కట్టమంచి_మోటర్లు:
అనుకున్నంత కాదన్నా. 1600 లీటర్లను 28 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే 22 యూనిట్లు. నెలకు 400 యూనిట్లు దాటినవాళ్ల రేటు, యూనిట్ 9.75 వేసుకున్నా 220 రూపాయల లోపే. డిసెంబరులో నీళ్లు చల్లగా ఉంటే 32 యూనిట్లు, పది గంటల పైన పడుతుంది. ఒకసారి కాగాక మూత వేసి ఉంచితే రోజుకు ఆరేడు యూనిట్లతో నడుస్తుంది. చలిదేశాల బిల్లులు చూసి ఇక్కడ భయపడక్కర్లేదు. అసలు తంటా ఎండాకాలంలో. పంపుల వేడి బయటికి పోకుండా టబ్ చుట్టూ ఫోము కొట్టి ఉంటారు, కాబట్టి హీటరు ఆపేసినా ఫిల్టరు పంపు తిరిగినందుకే నీళ్లు 40 దాటిపోతాయి. చల్లార్చాలంటే చిల్లరు అనే నీళ్లు చల్లబరిచే మిషను కావాలి, దాని ఖర్చు మళ్లీ వేరే. వాళ్ల మామ మాట నిజమే.

అలిపిరి_గాలి:
అయితే ఏప్రిల్ నుంచి జూన్ దాకా టబ్ ఖాళీగా పెట్టాలా?

డల్లాస్_పలమనేరు:
పూర్తిగా ఎండబెట్టి వదిలితే సీళ్లు బిగుసుకుపోతాయి. నీడలో ఉంటే మూత రాత్రిళ్లు తీసి చల్లార్చుకోవచ్చు. మిద్దె మీద నీడ ఎక్కడుంది?

కపిలతీర్థం_కోతులు:
మూత తీసి పెడతారంట, తెల్లారి వేయడం మరిచిపోయి చూడండి. మా వీధిలో నీళ్ల ట్యాంకుల మూతలకే ఇటుకలు, కట్టుతీగ. మీదేమో మెత్తటి ఫోము మూత, పైన రెగ్జిన్. కోతికి అంతకన్నా ఏం కావాలి, గంటలో పీలికలు చేసేస్తుంది. ఏటా ఒక మూత ఖర్చు రాసుకోండి, లేదంటే చుట్టూ గ్రిల్ కట్టించుకోండి. జోక్ చేయడం లేదు.

కోన_వీధి_లెక్కలు:
నా అభ్యంతరం నీళ్ల గురించి. ఎండాకాలం వస్తే కళ్యాణి డ్యామ్ అడుగు చూపిస్తుంది, తెలుగుగంగ నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఊరు ఎదురుచూస్తుంది. అలాంటి చోట 1600 లీటర్లు నింపి కూర్చోవడం న్యాయమేనా?

స్వర్ణముఖి_సివిల్:
ఈ ఒక్క విషయంలో టబ్ తరఫున మాట్లాడతా. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురున్న ఇంటికి 540. టబ్ నింపడమంటే ఆ ఇంటి మూడు రోజుల వాడకం, అదీ మూడు నెలలకోసారి. వాకిట్లో పైపు పెట్టి కారు కడిగేవాళ్లు దానికన్నా ఎక్కువే పారబోస్తారు. వదిలేసే నీళ్లు రెండు రోజులు ఎండకు ఉంచితే క్లోరిన్ పోతుంది, చెట్లకు పోయొచ్చు. నీళ్లు ఎన్ని అని కాదు, ఎంత సున్నం ఉన్న గట్టి నీళ్లు అన్నదే ఇక్కడ ప్రశ్న.

కోన_వీధి_లెక్కలు:
సరే, నీళ్లు వదిలేస్తా, డబ్బు వదలను. కరెంటు 18 వేలు, కెమికల్స్ 15, ఫిల్టర్లు 8, మూత కోసం ఏడాదికి పక్కన పెట్టాల్సింది 11, రిపేర్లకు 10. ఇది 62 వేలు. ఆ 8 లక్షలు బ్యాంకులో 7 శాతానికి వేస్తే వచ్చేది 56 వేలు. రెండూ కలిపితే లక్షా 18 వేలు. ఎండాకాలం తీసేసి వారానికి రెండుసార్లు దిగినా ఏడాదికి డెబ్బై సార్లు. ఒక్కో మునక 1700 రూపాయలు. ఇనుప బీములు, సాఫ్ట్‌నర్, క్రేను ఇందులో కలపలేదు.

చంద్రగిరి_హోమ్‌స్టే:
అలా లెక్కేస్తే మనూళ్లో ఎవరూ కారు కూడా కొనకూడదన్నా. ఇంకో దారి ఉంది. పై అంతస్తు హోమ్‌స్టే చేయండి. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కిన కాళ్లకు వేడినీళ్ల టబ్ అంటే ఎవరు వద్దంటారు? గదికి రోజుకు 1500 ఎక్కువ అడిగినా ఇస్తారు.

తిరుచానూరు_లాడ్జి:
మెట్లెక్కినవాళ్లు ఆ రాత్రి కొండ మీదే ఉంటారు నాయనా, కిందికి దిగేసరికి రైలు టైమవుతుంది. అదీకాక, ఇంట్లోవాళ్లు దిగడం వేరు, రోజుకో కొత్త గుంపు దిగడం వేరు. ఒంటి నూనె, సెంటు, విభూతి, అన్నీ ఆ నీళ్లలోనే. ప్రతి గుంపు తర్వాత క్లోరిన్ చూడాలి, అది 3 పీపీఎం (పది లక్షల వంతుల్లో మూడు) కంటే తగ్గకూడదు. 1999లో నెదర్లాండ్స్‌లో బోవెన్‌కార్స్‌పెల్ అనే ఊరి పూల ప్రదర్శనలో అమ్మకానికి పెట్టిన టబ్ ఆవిరి నుంచి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా సోకి ముప్పై మందికి పైగా చనిపోయారు. వాళ్లెవరూ టబ్‌లో దిగినవాళ్లు కాదు, పక్కన నడిచి వెళ్లినవాళ్లు. మా లాడ్జిలో ఓనరు అడిగినప్పుడు నేను ఇదే చెప్పి ఆపించా.

డల్లాస్_పలమనేరు:
నాన్నగారి సంగతి కూడా చూడు తమ్ముడూ. బీపీ, షుగర్ ఉంటే డాక్టర్ని అడగకుండా దింపొద్దు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకు నీళ్లు కాలుతున్నా తెలియదు. ఎవరికైనా 40 డిగ్రీలు దాటకూడదు, 15 నిమిషాలు చాలు. ఇంకో మాట, టబ్ అంచు మూడడుగుల ఎత్తు ఉంటుంది, మోకాళ్లు నొప్పి ఉన్న మనిషి కాలెత్తి దాటాలి. మా అత్తగారు రెండు చేతులు పట్టుకుంటే తప్ప దిగరు.

అలిపిరి_గాలి:
ఆ ఎత్తు సంగతి నాకు తట్టనేలేదు అక్కా. పైగా మిద్దె ఎక్కడానికే ఇరవై మెట్లు. అందరికీ థాంక్స్. మిద్దె ఆలోచన మానేశాం. ఇంటి వెనక వేపచెట్టు వైపు పన్నెండడుగుల జాగా ఉంది, అక్కడ నేల మీద నలుగురి టబ్ అయితే ఎంతో కొటేషన్ అడిగా. నాన్నకు మాత్రం ముందు కింది బాత్రూంలో సోలార్ హీటరు, కూర్చునే అరుగు, పట్టుకునే రాడ్డు. అన్నకు ఇంకా చెప్పలేదు.

కోన_వీధి_లెక్కలు:
నలుగురి టబ్ అయినా మునక వెయ్యికి తగ్గదు.

చంద్రగిరి_హోమ్‌స్టే:
మళ్లీ మొదలుపెట్టాడు.

స్వర్ణముఖి_సివిల్:
నేల మీదైతే ఆరంగుళాల కాంక్రీటు బెడ్డు చాలు, చుట్టూ నీళ్లు పోవడానికి వాలు ఇవ్వండి. వేపచెట్టు వేళ్లకు కొంచెం దూరం జరపండి, ఆకులు ఫిల్టర్లో పడే గోల కూడా తగ్గుతుంది.

కట్టమంచి_మోటర్లు:
బెడ్డు పోయకముందే కేబుల్‌కు రెండంగుళాల పైపు వేసుకోండి, ఎర్తింగ్ గుంతకు వేరే చోటు వదలండి. మోటారు వైపు పలక విప్పడానికి మనిషి కూర్చునేంత ఖాళీ కావాలి. గోడకు ఆనించి పెట్టేస్తే బాగుచేయడానికి వచ్చినవాడు ముందు టబ్ ఖాళీ చేయమంటాడు.