కోవిడ్ రోజుల్లో పక్షవాతం కేసులు: ఆలస్యం దారిలోనా, గేటు దగ్గరా?

గట్టుమీద: మన గోదావరి జిల్లాల్లో అప్పట్లో పక్షవాతం కేసులు ఆస్పత్రికి ఆలస్యంగా చేరడానికి లాక్‌డౌనే కారణమని కొందరు, జనం భయమే కారణమని కొందరు అంటున్నారు. మెదడు నాళంలోని రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. ఆ గంటలు ఎక్కడ పోయాయో తెలిసినవాళ్లు చెప్పండి.

సైరన్: దారిలోనే పోయాయి. 2020 మార్చి 25 నుంచీ అత్యవసర వైద్యానికి కాయితం మీద మినహాయింపు ఉండేది, కాదనను. కానీ లంక ఊళ్లో మనిషి ఆస్పత్రికి వెళ్లేది షేర్ ఆటోలోనో, గోదావరి దాటించే పంటు మీదో. సఖినేటిపల్లి రేవులో పంటు నడవకపోతే, ఎదురుగా కనిపించే నరసాపురానికి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. 108 ఉందిగా అంటారు. కోవిడ్ పేషెంటుని దింపిన బండిని ఒక శాతం హైపోక్లోరైట్‌తో తుడిచి, ఆరాకే తర్వాతి కేసుకి పంపాల్సి వచ్చేది. ఆలోగా పక్క మండలం బండి రావాల్సిందే.

డ్యూటీరూమ్: సైరన్ గారూ, సగమే ఒప్పుకుంటాను. 70 దేశాల్లో 457 ఆస్పత్రుల లెక్క ఒకటుంది. కోవిడ్ ముందు నాలుగు నెలల్లో 91,373 స్ట్రోక్ అడ్మిషన్లు, కోవిడ్ మొదటి నాలుగు నెలల్లో 80,894. అంటే 11.5 శాతం తగ్గుదల. ఇంజక్షన్ పడినవాళ్లు 13,334 నుంచి 11,570కి తగ్గారు, 13.2 శాతం. భాగించి చూడండి: వచ్చినవాళ్లలో ఇంజక్షన్ అందింది ముందు 14.6 శాతానికి, తర్వాత 14.3 శాతానికి. లోపలికి వచ్చినవాడికి వైద్యం దాదాపు మామూలుగానే అందింది. అసలు రానివాళ్లే ఎక్కువ. మూతి కాస్త వంకర పోయి, చెయ్యి తిమ్మిరెక్కి, సాయంత్రానికి సర్దుకున్నవాళ్లు "ఆస్పత్రికెళితే కరోనా అంటుకుంటుంది" అని ఇంట్లోనే ఉండిపోయారు. అలాంటివాళ్లకే రెండ్రోజుల్లో పెద్దది వచ్చే ప్రమాదం ఎక్కువ.

సీటీగది: డాక్టరుగారూ, ఆ లెక్క స్ట్రోక్ టీమ్ సిద్ధంగా ఉన్న సెంటర్లది. స్ట్రోక్ టీమ్ అన్నదే లేని మన టౌన్ ఆస్పత్రికి దాన్ని అతికించకండి. ఇక్కడ గేటు దగ్గరే టైమ్ పోయేది. కోవిడ్ రిపోర్టు లేనిదే సీటీ బల్ల ఎక్కించం అంటే ఆర్‌టీపీసీఆర్‌కి ఒక రోజు, ర్యాపిడ్‌కైనా పావుగంట నుంచి అరగంట. అసలు పద్ధతి తిరగెయ్యాల్సింది. వచ్చిన ప్రతివాడూ కోవిడ్ అనుమానితుడే అనుకుని, పేషెంటుకి మాస్కు కట్టి, సిబ్బంది పీపీఈ వేసుకుని ముందు తలకి స్కాన్. స్వాబ్ తర్వాత, లేదా స్కాన్‌తో పాటే. మెదడులో రక్తస్రావం లేదని తేలగానే, బీపీ 185/110 లోపుంటే, అక్కడే ఇంజక్షన్. ఆ ఇంజక్షన్ మందు ఆల్టెప్లేస్ అయితే ఒంటి బరువు కిలోకి 0.9 మి.గ్రా., 90 దాటకుండా. అందులో పదోవంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు.

సైరన్: అది చెయ్యాల్సింది. జరిగింది చెప్పండి మరి.

సీటీగది: జరిగినదాంట్లో ఎవరూ పట్టించుకోనిది అటెండెంట్ సంగతి. పేషెంటుకి మాట పడిపోయి ఉంటుంది. ఆఖరిసారి బాగా ఉన్నది ఎప్పుడు, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నాడా అన్నవి చెప్పాల్సిన కొడుకుని గేటు బయటే ఆపేశారు. టైమ్ తెలియకపోతే ఇంజక్షన్ ఇవ్వరు. కొడుకు ఫోన్ నంబరు కేసు షీట్ మీద పెద్దగా రాసి, డాక్టరు లోపల్నుంచే మాట్లాడితే చాలు. రూపాయి ఖర్చు లేని పని.

కాలువపక్క: 2021 మే కర్ఫ్యూ గురించి ఎవరూ అనరేం? మధ్యాహ్నం 12 నుంచి పొద్దున్న 6 దాకా. రాత్రి చెయ్యి పడిపోతే ఆటోవాడు రాడు, "తెల్లారనీ" అంటారు. అయిపోయిందండీ గడువు.

డ్యూటీరూమ్: ఆయ్, కానీ స్ట్రోక్‌లు ఎక్కువగా వచ్చేది పొద్దున్న 6 నుంచి మధ్యాహ్నం లోపే. కర్ఫ్యూ సడలింపూ సరిగ్గా అప్పుడే. అందుకే ఆ కర్ఫ్యూ చేసిన నష్టం 2020 లాక్‌డౌన్ కంటే తక్కువనే నా అంచనా. నిద్రలో వచ్చినవాటి సంగతి వేరు. వాటికి పడుకున్న టైమే లెక్క.

కాలువపక్క: ఆ "తెల్లారనీ" గంటల్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారు చాలామంది. బీపీ 200 ఉందని నాలుక కింద మాత్ర. పావురం రక్తం రాయడం సరేసరి.

డ్యూటీరూమ్: ఆ మాత్రతో బీపీ ధబాల్న పడిపోతుంది. గడ్డ అడ్డుపడ్డ చోటికి కాస్తయినా రక్తం పక్కదారుల్లో చేరేది ఆ ఒత్తిడి వల్లే. ఇంజక్షన్ ఇవ్వని కేసుల్లో 220/120 దాకా మేమే తగ్గించం. నీళ్లూ పట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. షుగర్ మాత్రం చూడమనండి. షుగర్ పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది.

సైరన్: సరే, భయం పాలు ఉందని ఒప్పుకుంటా. కానీ భయపడని మనిషికి కూడా అప్పుడు బండి దొరకలేదు. లంకల వైపు 108లో ఒకదాన్ని కోవిడ్ డ్యూటీకి పంపకుండా, గుండెకీ పక్షవాతానికీ విడిగా ఉంచాల్సింది. బండి కదలగానే ఆస్పత్రికి ఫోన్: పేషెంటు వయసు, బాగా ఉన్న ఆఖరి టైమ్, షుగర్, బీపీ.

సీటీగది: ఆ ఫోన్ ఎత్తేవాడు ఎవరో కూడా రాసిపెట్టండి. రిసెప్షన్‌కి చేస్తే మళ్లీ గేటు దగ్గరే.